చదువు విడిచిన విద్యార్థులు (1920–1938): ఒక చారిత్రక పరిశీలన

విద్యార్థి పట్టా పొందకుండానే చదువు విరమిస్తే, కారణాన్ని సాధారణంగా పేదరికంలోనో అనాసక్తిలోనో వెతుకుతాం. తెలుగు ప్రాంతాల చరిత్రలో ఇందుకు భిన్నమైన విరమణలు కూడా ఉన్నాయి. 1920–1938 మధ్య కాలానికి చెందిన మూడు సందర్భాలను పోల్చి చూస్తే, విడవడానికి గల కారణం కంటే, విడిచిన తర్వాత లభించిన ఆశ్రయమే విద్యార్థి భవితవ్యాన్ని ఎక్కువగా నిర్ణయించిందని తెలుస్తుంది. ఈ ప్రతిపాదనను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పిలుపు

1920 డిసెంబరులో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ సహాయ నిరాకరణ కార్యక్రమాన్ని ఆమోదించింది. ప్రభుత్వ పాఠశాలల, కళాశాలల బహిష్కారం అందులో ఒక భాగం. చదువు మానడం అప్పటివరకు కుటుంబానికి లోటు. ఈ పిలుపుతో అది దేశసేవ అయింది. అయితే విడిచిన వారికి జాతీయ విద్యాలయాలు అవసరమయ్యాయి. మచిలీపట్నంలో 1910లోనే వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల వంటివి ఎన్నో లేవు. 1922 ఫిబ్రవరిలో ఉద్యమం నిలిచిపోగా, అనేకులు తిరిగి పాత తరగతులకే చేరారు.

వ్యక్తి నిర్ణయం

1930లో పుచ్చలపల్లి సుందరయ్య మద్రాసు లయోలా కళాశాల విడిచి ఉప్పు సత్యాగ్రహంలో చేరారు. 1931లో నీలం సంజీవరెడ్డి అనంతపురంలో కళాశాల చదువు విరమించారు. వీరికి ఉద్యమమే రెండవ విద్యాలయమైంది.

బహిష్కరణ

1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహాలలో వందేమాతరం గీతాలాపనను అధికారులు నిషేధించారు. ధిక్కరించిన విద్యార్థులను బహిష్కరించారు. ఇక్కడ విద్యార్థి చదువును విడవలేదు. సంస్థే విద్యార్థిని విడిచింది. నాగపూర్ విశ్వవిద్యాలయం వారికి ప్రవేశం కల్పించింది. పి.వి. నరసింహారావు న్యాయశాస్త్ర పట్టా పొందింది అక్కడే. ఆ రెండవ ద్వారం తెరుచుకోకపోతే ఎందరి చదువులో ఆ ఏడాదితోనే ముగిసేవి.

ఆధారాల పరిమితి

పై పేర్లన్నీ మనకు తెలియడానికి కారణం, వారు తరువాత ప్రసిద్ధులు కావడమే. సుందరయ్య ఆత్మకథ ‘విప్లవ పథంలో నా పయనం’ వంటి రచనలు ఒక గమ్యం చేరినవారు వెనుదిరిగి చూసి రాసినవి. గమ్యం చేరనివారు ఆత్మకథలు రాయడం అరుదు. జీతం కట్టలేక వెళ్లినవారు, పరాయి మాధ్యమంలో పాఠం అందక వెళ్లినవారు ఈ సాహిత్యంలో దాదాపు కనిపించరు. నాటి ఉన్నతవిద్యకు ఆంధ్ర ప్రాంతంలో ఇంగ్లీషు, ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమాలు. తెలుగు ఎక్కడా మాధ్యమం కాదు. కనుక ఆత్మకథలను మాత్రమే ఆధారంగా తీసుకుంటే, చదువు విరమణ అంటే త్యాగమేనన్న అభిప్రాయం ఏర్పడుతుంది. హాజరు పట్టికలు, వసతిగృహ దస్త్రాలు, కుటుంబాల మౌఖిక కథనాలు చేరినప్పుడే ఈ చరిత్ర సమగ్రమవుతుంది.

ముగింపు

పిలుపుతో వెళ్లినవారిని చరిత్ర కీర్తించింది. వెళ్లగొట్టబడినవారిని మరొక విశ్వవిద్యాలయం ఆదుకుంది. నిశ్శబ్దంగా వెళ్లినవారికి ఈ రెండూ దక్కలేదు. ‘విద్యార్థి ఎందుకు వెళ్లాడు?’ అన్న ప్రశ్నతో పాటు ‘తిరిగి రావడానికి సంస్థ ఏ దారి ఉంచింది?’ అన్న ప్రశ్నను కూడా పరిశోధకులు వేయవలసి ఉంది. నేటి విశ్వవిద్యాలయాలకు కూడా ఈ రెండవ ప్రశ్న వర్తిస్తుంది.