యాభై రెండు వేల ఓట్లు

ఆస్ట్రేలియా రాజ్యాంగాన్ని మార్చాలా వద్దా అని 1906 నుంచి ఇప్పటిదాకా ఇక్కడి ప్రజల్ని 45 సార్లు అడిగారు. సరేనన్నది ఎనిమిదింటికే. 2023లో వాయిస్ రెఫరెండం ఓడిపోయినప్పుడు మా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో కూడా ఈ లెక్క బాగా తిరిగింది, ఇక్కడి జనం దేనికైనా 'నో' అనే అంటారనే వ్యాఖ్యతో సహా. ఓడిపోయిన ఆ 37లో నేను మళ్లీ మళ్లీ వెళ్లి చదివేది 1951 నాటి రెఫరెండం గురించి. ఒక రాజకీయ పార్టీని నిషేధించే అధికారం పార్లమెంటుకు ఇవ్వాలా అన్నది అప్పటి ప్రశ్న.

1949 డిసెంబరు ఎన్నికల్లో రాబర్ట్ మెంజీస్ కమ్యూనిస్టు పార్టీని రద్దు చేస్తానని మాటిచ్చి గెలిచాడు. అంతకు రెండు నెలల ముందే చైనాలో మావో అధికారంలోకి వచ్చాడు. ఇక్కడేమో అదే ఏడాది బొగ్గు గనుల సమ్మె దేశాన్ని చీకట్లో కూర్చోబెట్టింది. జనంలో భయం నిజంగానే ఉంది. అయితే ఫెడరల్ పార్లమెంటులో కమ్యూనిస్టు సభ్యుడు అప్పుడే కాదు, అంతకు ముందూ ఒక్కడు కూడా లేడు. దేశం మొత్తంలో శాసనసభకు గెలిచినవాడు ఫ్రెడ్ పాటర్సన్ ఒక్కడే, అదీ క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో. వాళ్ల బలమంతా యూనియన్లలో ఉండేది.

1950 ఏప్రిల్ 27న బిల్లు సభకు వచ్చింది. పార్టీ రద్దవుతుంది, ఆస్తులు ప్రభుత్వపరం. అంతకన్నా పెద్ద విషయం, ఎవరినైనా కమ్యూనిస్టు అని ప్రభుత్వం 'ప్రకటిస్తే' అతనికి ప్రభుత్వోద్యోగం ఉండదు, కీలక పరిశ్రమల్లో యూనియన్ పదవి ఉండదు. తాను కాదని నిరూపించుకోవాల్సిన భారం అతని మీదే. బిల్లు ప్రవేశపెడుతూ మెంజీస్ యూనియన్ పదవుల్లో ఉన్న కమ్యూనిస్టులంటూ 53 పేర్లు సభలో చదివాడు. కొద్ది రోజులకే అందులో అయిదుగురి విషయంలో పొరపాటు జరిగిందని సభలోనే సవరించుకోవాల్సి వచ్చింది. ప్రధాని చేతిలో ఉన్న జాబితాలోనే అన్ని తప్పులుంటే, రేపు మామూలు గుమాస్తా తయారుచేసే జాబితా సంగతేమిటని ఎవరికైనా అనిపిస్తుంది.

ప్రతిపక్ష లేబర్ పార్టీకి సెనేట్‌లో మెజారిటీ ఉంది. నాయకుడు బెన్ చిఫ్లీ నిరూపణ భారం దగ్గర గట్టిగా పట్టుబట్టాడు. కానీ కమ్యూనిజం పేరుమీద ఎన్నికలొస్తే కొట్టుకుపోతామని పార్టీ పెద్దలకు భయం. అక్టోబరులో పార్టీ కార్యవర్గం బిల్లును వదిలేయమని సొంత సెనేటర్లను ఆదేశించింది. సభలో ఆపగలిగే సంఖ్య ఉండి కూడా దారిచ్చారు. ఈ కథ మొత్తంలో నాకు మింగుడుపడని ఘట్టం ఇదే.

సభ వదిలేసింది కోర్టుకు చేరింది. ఇక్కడ దేశంలోకెల్లా పెద్ద కోర్టును హైకోర్టు అంటారు. లేబర్ ఉపనాయకుడు ఎవాట్ ఒకప్పుడు ఆ కోర్టులోనే జడ్జీ. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభకు అధ్యక్షుడిగానూ చేశాడు. అలాంటివాడు ఓడరేవు కార్మికుల యూనియన్ తరఫున వాదించాడు. 1951 మార్చి 9న ఆరుగురు జడ్జీలు చట్టం చెల్లదన్నారు, చీఫ్ జస్టిస్ లేథమ్ ఒక్కడే చెల్లుతుందన్నాడు. పార్టీ దేశ రక్షణకు ప్రమాదమని చట్టం పీఠికలో రాసేసుకుని, ఆ రాతనే ఆధారంగా చూపి పార్లమెంటు తనకు లేని అధికారాన్ని తెచ్చుకోలేదన్నది సారాంశం.

ఏప్రిల్ ఎన్నికల్లో మెంజీస్ మళ్లీ గెలిచి, ఈసారి సెనేట్ కూడా దక్కించుకున్నాడు. ఇక రాజ్యాంగాన్నే మార్చాలి. దానికి 128వ సెక్షన్ అడ్డుంది. ప్రతిపాదన పార్లమెంటు దాటాక కనీసం రెండు నెలలు ఆగాలి, ఆరు నెలలు దాటకూడదు. దేశం మొత్తంలో మెజారిటీ రావాలి, ఆరు రాష్ట్రాల్లో నాలుగింట కూడా రావాలి. ఓటు వేయడం తప్పనిసరి. రాష్ట్రాల లెక్క గురించి అందరూ మాట్లాడతారు గానీ నా దృష్టిలో అసలు పని చేసింది ఆ రెండు నెలల గడువు.

ఆగస్టు మొదట్లో అభిప్రాయ సేకరణలో నూటికి డెబ్బైమందికి పైగా 'యెస్' వైపు ఉన్నారు. చిఫ్లీ జూన్‌లో చనిపోయాడు, ఎవాట్ నాయకుడయ్యాడు. సొంత పార్టీలోనే చాలామంది కలిసిరాకపోయినా ఊరూరా తిరిగి ఒకే మాట చెప్పాడు: ఈ అధికారం ఈరోజు కమ్యూనిస్టు మీద, రేపు ఇంకెవరి మీదైనా. మెంజీస్ సొంత పార్టీలోనూ అలన్ మిస్సెన్ అనే యువ లాయరు 'నో' వేయాలని పత్రికలో రాశాడు, యువజన విభాగంలో పదవి నుంచి సస్పెండయ్యాడు. (తర్వాత అదే పార్టీ తరఫున సెనేటర్ అయ్యాడు.) పైగా కొరియా యుద్ధంతో ఉన్ని ధర ఆకాశానికెక్కి, దానితోపాటు అన్ని ధరలూ పెరిగాయి. ఇళ్లలో ఖర్చుల గురించి మాట్లాడుకుంటుంటే ప్రభుత్వం నిషేధం గురించి మాట్లాడుతోంది.

సెప్టెంబరు 22న ఓటింగ్. 'యెస్' 23,17,927. 'నో' 23,70,009. తేడా 52,082. మూడు రాష్ట్రాలు అటు, మూడు ఇటు. విక్టోరియాలో 'నో' 51 శాతం చిల్లర మాత్రమే. నాలుగు రోజుల తర్వాత వచ్చిన బడ్జెట్‌లో పన్నులు ఎంత పెంచారంటే దానికి 'హారర్ బడ్జెట్' అనే పేరు స్థిరపడిపోయింది.

అదే 1951లో మన దేశంలోనూ రాజ్యాంగం మారింది. 'క్రాస్ రోడ్స్' అనే వామపక్ష వారపత్రికను మద్రాసు రాష్ట్రంలోకి రానివ్వకపోవడం చెల్లదని సుప్రీంకోర్టు 1950లో తీర్పిచ్చింది. ఆంధ్ర జిల్లాలన్నీ అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. దాని తర్వాత మొదటి సవరణ వచ్చింది. మే 12న బిల్లు పెట్టారు, జూన్ 18కల్లా అమల్లోకి వచ్చింది. అప్పటికి మొదటి సాధారణ ఎన్నికలే జరగలేదు. మన 368వ అధికరణలో ప్రజల్ని అడగాలన్న మాట లేదు. హైదరాబాదు రాష్ట్రంలో పార్టీ మీద నిషేధం ఉండగానే పీడీఎఫ్ పేరుతో పోటీ చేసి రావి నారాయణరెడ్డి నల్గొండలో నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నారు. మనవాళ్ల అభిప్రాయం అలా పక్కదారిన బయటపడింది.

మెంజీస్ ఆ తర్వాత నిషేధం జోలికి పోలేదు. ఇంకా పద్నాలుగేళ్లు ప్రధానిగా ఉన్నాడు. ఎవాట్ మూడు సార్వత్రిక ఎన్నికలు ఓడిపోయాడు. 1955లో ఆయన పార్టీ కమ్యూనిజం గొడవతోనే చీలిపోయింది. ప్రధాని కాకుండానే రాజకీయాలు వదిలాడు.