బొచ్చు కత్తిరించు మర

నేడు నేను ముచ్చటింపబోవు వస్తువు అరచేతిలో నిముడునది: కుక్కల బొచ్చు కత్తిరించు మర. మంగలి యంగళ్లలో దీని తోబుట్టువును మిషను అందురు. ఇంత చిన్న పనిముట్టునకు చరిత్ర యేమని శ్రోతలు నవ్వవచ్చును. కలదు, దానిని మన గొఱ్ఱెల మందలనుండియే మొదలుపెట్టి చెప్పవచ్చును.

తెలంగాణమున కురుమలు దక్కని గొఱ్ఱెల యున్నిని ఏటికి రెండుమారులు కత్తెరతో తీయుచు వచ్చిరి. మన గొంగడి ఆ యున్నితో నేసినదే. కత్తెర మొక్కవోయినచో రాతిమీద నూరిన చాలును. దానికి వేఱొకని సాయ మక్కఱలేదు. మర సంగతి యట్టిది కాదు. అందు దువ్వెన పండ్లవంటి పండ్లుగల పలకలు రెండుండును. క్రింది పలక కదలదు, పైపలక దానిని రాచుకొనుచు నిటునటు జరుగును. పండ్ల నడుమ చొచ్చిన వెండ్రుక అచ్చటనే తెగును.

ఈ యేర్పాటును గొఱ్ఱెలకై యంత్రముగా మలచినవారిలో ముఖ్యుడు ఆస్ట్రేలియాలో నుండిన ఫ్రెడరిక్ వుల్సిలీ. ఆయన 1877లో పేటెంటు పొందెను. 1888లో డన్‌లప్ అను మందల క్షేత్రమున గొఱ్ఱెలన్నిటి యున్నిని యంత్రములతోనే తీసిరి. ఆ కంపెనీలో పనిచేసిన హెర్బర్టు ఆస్టినే తరువాత మోటారుబండ్లు కట్టి ప్రసిద్ధికెక్కెను. గొఱ్ఱెబొచ్చునకును మోటారుబండికిని ఇట్టి చుట్టఱిక ముండుట నాకు వింతగా దోచును! పిమ్మట 1919లో అమెరికాలోని స్టెర్లింగు పట్టణవాసి లియో వాల్ విద్యుదయస్కాంతముతో నడచు చేతిమరకు పేటెంటు కోరెను.

అయస్కాంతపు మరతో మన దేశమున నొక చిక్కు కలదు. అమెరికా విద్యుత్తు సెకనునకు 60 ఆవృత్తములు, మనది 50. ప్రతి యావృత్తమునను పలక రెండుమారులు లాగబడును గనుక, అచ్చట నిమిషమునకు 7200 మారులు కదలునది యిచ్చట 6000 మారులే కదలును. పైగా అచ్చటి 120 వోల్టుల మరను మన 230 వోల్టులకు తగిలించినచో తీగచుట్ట మాడిపోవును. బంధువులు విదేశమునుండి ప్రేమతో తెచ్చిన మర పెట్టెలోనే యుండిపోవుటకు తఱచుగా కారణ మిదియే.

నేనుండు సనత్‌నగరము యంత్రములకు క్రొత్తది కాదు. 1942లో నెలకొన్న ఆల్విన్ కర్మాగారము ఇచ్చటిదే. బస్సులును, శీతల యంత్రములును చేసిన ఆ సంస్థ నేడు లేకపోయినను, ఇనుమును వెండ్రుకవాసి తేడా లేకుండ చదును చేయగల చేతులు ఈ పేటలో నింకను కలవు. అయినను మర తెగకున్నచో జనులు వీధిలో సైకిలుమీద వచ్చు సానవానినే పిలుతురు. అతడు కత్తులకు, కత్తిపీటలకు నేర్పరి; ఈ పనికి మాత్రము తగడు. ఏలయనగా ఆ పలకలు పూర్తిగా చదునైనవి కావు. కంటి కానరానంత స్వల్పముగా నడుమ పల్లమై, పండ్ల కొనలయందును వెనుకయంచునను మాత్రమే యొండొంటి నంటును. గుండ్రని సానరాయి తగిలిన క్షణమున ఆ పల్లము చెడును. పిమ్మట మర కోయదు, వెండ్రుకను పీకును. తిరుగుచుండు లోహపుపళ్లెముమీద సన్నని రాపుడుపొడి పఱచి, పలకను దానిపై నానించి పదును పెట్టుటే తగిన పద్ధతి.

పదును చాలకాలము నిలుచుట శుభ్రతవలన. స్నానము చేయింపని కుక్కమీద మర పెట్టరాదు. బొచ్చులోని యిసుక పలకను మొక్కపఱచును. పని ముగిసినంతనే కుంచెతో వెండ్రుకలు దులిపి, పండ్లమీద రెండు మూడు చుక్కల సన్ననూనె వేసి, క్షణకాలము నడిపి, మిగులు నూనెను తుడువవలెను. వంటనూనె వలదు; అది జిగురై పలకల నంటించును.

అన్నిటికన్న చూడవలసినది వేడి. రాపిడివలన పలక కొలదికాలముననే కాగును. పొట్టక్రింద, తొడసందున చర్మము పలుచన. అచ్చట కాలినను కుక్క మూల్గునేగాని చెప్పలేదు. మనము దానిని మొండిదనుచు మఱింత గట్టిగా పట్టుకొందుము. కావున నడుమనడుమ పలకను మన మణికట్టునకు తాకించి చూడవలెను. ఓర్వరానిచో మర నాపి చల్లారనీయవలెను, లేదా వేఱొక పలకను తొడుగవలెను.

వానకాలమున పలకలు త్రుప్పుపట్టును. నూనెగుడ్డలో చుట్టి, మూత బిగువుగానున్న డబ్బాలో నుంచినచో మరుసటి వేసవికి పనికివచ్చును.