పారాసిటమాల్‌కు బొగ్గు బదులు చెట్టు: ఏమిటీ లిగ్నిన్?

భిలాయ్ సెక్టర్ 2 క్వార్టర్లలో ఉండే ఉక్కు కార్మికుల కుటుంబాలకు కోక్ ఓవెన్లు కొత్త కాదు. బొగ్గును గాలి తగలకుండా 1000 డిగ్రీలకు పైగా వేడి చేస్తే కోక్ తయారవుతుంది. అప్పుడు వెలువడే గ్యాస్ నుంచి తారు, బెంజోల్ తీస్తారు. బెంజోల్‌ను శుద్ధి చేస్తే బెంజీన్ వస్తుంది. జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ మూలం ఈ బెంజీనే.

ఆరు కార్బన్ పరమాణువుల వలయం బెంజీన్. పరిశ్రమ ఇప్పుడు దాన్ని ఎక్కువగా పెట్రోలియం నుంచి తీస్తోంది. పలు దశల్లో పారా అమైనో ఫినాల్‌గా మార్చి, ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌తో చర్య జరిపితే పారాసిటమాల్ సిద్ధం. బల్క్ డ్రగ్స్ ముడిసరుకుకు చైనాపై ఆధారపడటం తగ్గించాలని 2020లో కేంద్రం రూ.6,940 కోట్ల ప్రోత్సాహక పథకం తెచ్చింది. ఆ జాబితాలో పారా అమైనో ఫినాల్ కూడా ఉంది.

అదే వలయం చెట్టులోనూ ఉంది. కలపకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ నిండా ఇవే వలయాలు. కలప బరువులో ఇది 20 నుంచి 30 శాతం. కాగితం మిల్లుల్లో గుజ్జు తీశాక మిగిలే నల్లటి ద్రావణంలోకి లిగ్నిన్ చేరుతుంది. దాన్ని బాయిలర్లలో కాల్చి ఆవిరి పుట్టిస్తారు. పనికిరాని చెత్త అనుకుంటే పొరపాటే. అది మిల్లుకు ఇంధనం. దాన్ని తీసుకుంటే బదులు మరొకటి ఇవ్వాలి.

అసలు చిక్కు రసాయనంలో ఉంది. లిగ్నిన్‌ను విడగొడితే ఒక్క పదార్థం రాదు, డజన్ల కొద్దీ కలగలిసి వస్తాయి. మందుకు మాత్రం ఒకటే కావాలి, అదీ స్వచ్ఛంగా. అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు పాప్లర్ చెట్టుతో ఈ చిక్కును కొంత తప్పించారు. దాని లిగ్నిన్‌కు పక్కన అతుక్కుని ఉండే పారా హైడ్రాక్సీ బెంజోయేట్ క్షార ద్రావణంలో తేలిగ్గా ఊడి వస్తుంది. దాని నుంచే పారాసిటమాల్ చేసి చూపారు. మన దగ్గర పంజాబ్, హర్యానా రైతులు ప్లైవుడ్ కోసం పెంచే చెట్టు కూడా పాప్లరే.

వరి పండే ఛత్తీస్‌గఢ్‌లో గడ్డికి లోటు లేదు. అయితే వరి గడ్డి లిగ్నిన్‌కు అతుక్కుని ఉండేది ప్రధానంగా కూమారిక్ ఆమ్లం. పాప్లర్ పద్ధతిని ఉన్నదున్నట్టు గడ్డికి వాడలేం. పైగా చెట్టు నుంచి వచ్చినంత మాత్రాన పచ్చని మందు అయిపోదు. వాడిన ద్రావకాలు, ఖర్చయిన కరెంటు, శుద్ధిలో పోయిన సరుకు కూడా లెక్కలోకి రావాలి.