చిలుకకు పలుకు నేర్పిన దారులు

కామసూత్రం పేర్కొన్న 64 కళల్లో శుకసారికాప్రలాపనం ఒకటి. చిలుకకూ గోరువంకకూ మాటలు నేర్పడమన్నమాట. అయినా చిలుకపలుకులంటే మనకు అర్థమెరుగని వల్లెవేతే.

20వ శతాబ్దపు నడుమ అమెరికా మనస్తత్వవేత్త మౌరర్ పలికే పక్షులకు మాటకు బహుమానంగా మేత పెట్టి చూశాడు. ఫలితం స్వల్పం. ఏ మాటకైనా అదే మేత దొరికితే మాటకూ వస్తువుకూ ముడి పడేదెలా?

1977లో ఐరీన్ పెప్పర్‌బర్గ్ అలెక్స్ అనే ఆఫ్రికా బూడిదరంగు చిలుకతో మరో పద్ధతి మొదలుపెట్టారు. జర్మన్ శాస్త్రజ్ఞుడు టోట్ పద్ధతిని ఆమె మార్చి వాడుకున్నారు. పక్షి ఎదుట ఒకరు తాళంచెవి చూపి ఇదేమిటని అడుగుతారు. రెండోవారు శిష్యుడిలా పేరు చెప్పి ఆ తాళంచెవినే అందుకుంటారు. తప్పు చెబితే అది దక్కదు. తర్వాత పాత్రలు మారతాయి. చూస్తున్న చిలుక పోటీకి దిగుతుంది. 2007లో చనిపోయిన అలెక్స్ దాదాపు 50 వస్తువులను, 7 రంగులను, 5 ఆకారాలను పేర్లతో గుర్తించగలిగింది. కేవలం టేపులు విన్న పిల్లచిలుకలకు ఆ పేర్లు అబ్బలేదు. (పరాయి ఊళ్లలో పిల్లలకు రికార్డులతోనే తెలుగు నేర్పజూసేవాళ్లకు ఇది ఆసక్తి కలిగించవచ్చు.)

ఇంట్లో ప్రయత్నించేవారు ముందు పక్షిని చూసుకోవాలి. మన రామచిలుకను పంజరంలో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నిషిద్ధం.