సివిల్ దావాకు జవాబు: ప్రతివాది తెలుసుకోవలసిన నియమాలు

తిరుత్తణి, పళ్ళిపట్టు, ఆర్.కె.పేట ప్రాంతాలలో కోర్టు వ్యాజ్యమనగా ప్రధానంగా భూమికి సంబంధించినదే. గట్టు తగాదా, బండిబాట తగాదా, ఉమ్మడి బావిలో వంతు, అన్నదమ్ముల భాగపంపకం, వీటికి తోడు ప్రోనోటు బాకీలు. ఇవన్నియు సివిల్ దావాలే. కే.జీ.కండిగై వంటి గ్రామాలలో ఇంటి పెద్దలు పలువురు తెలుగులో చదువుకొన్నవారు. కోర్టు నుండి వచ్చు సమన్లు మాత్రం తమిళంలో నుండును. చదువలేని కాగితాన్ని బీరువాలో దాచి, "వాయిదా నాటికి చూచుకొందము" అనుకొనుట పరిపాటి. ఆ ఆలస్యమే అనేకులకు నష్టం తెచ్చుచున్నది.

మౌనం అర్ధాంగీకారమని లోకోక్తి. సివిల్ న్యాయస్థానంలో అది దాదాపు పూర్ణాంగీకారం. వాది వ్రాసిన ఒక విషయాన్ని ప్రతివాది స్పష్టంగా కాదనకున్నచో, దానిని ఒప్పుకొన్నట్లే చట్టం భావించును. ఈ ఒక్క సూత్రం తెలిసినచో మిగిలిన నియమాలు సులభంగా బోధపడును.

ఏ చట్టం?

దేశమంతటికి వర్తించు సివిల్ ప్రొసీజర్ కోడ్ 1908లో చేయబడి, 1909 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. 1976, 1999, 2002 సంవత్సరాలలో దానికి ముఖ్యమైన సవరణలు జరిగినవి. వాదప్రతివాదుల వ్రాతలకు సంబంధించిన సాధారణ నియమాలు ఆరవ ఆర్డరులోను, దావాపత్రం నియమాలు ఏడవ ఆర్డరులోను, ప్రతివాది జవాబు నియమాలు ఎనిమిదవ ఆర్డరులోను కలవు. తమిళంలో దావాపత్రాన్ని 'వళక్కురై' అనియు, ప్రతివాది జవాబును 'ఎదిర్‌వళక్కురై' అనియు అందురు. ఆంధ్ర, తెలంగాణ కోర్టులలో జవాబుదావా అనునది ఈ జవాబునే. దావా విలువను బట్టి అది జిల్లా మున్సిఫ్ కోర్టుకో, సబ్ కోర్టుకో, జిల్లా కోర్టుకో చేరును.

దావాపత్రంలో ఏముండవలెను?

వాది తన హక్కుకు ఆధారమైన ముఖ్య సంగతులను క్లుప్తంగా, వరుస సంఖ్యలు గల పేరాలలో వ్రాయవలెను. సంగతులు వ్రాయవలెను గాని, వాటిని రుజువు చేయు సాక్ష్యాన్ని అక్కడ వ్రాయరాదు. మోసం, ఒత్తిడి వంటి ఆరోపణలు చేసినచో తేదీలతో సహా వివరాలు ఇవ్వవలెను. స్థిరాస్తి దావాలో ఆ ఆస్తిని గుర్తించుటకు చాలిన వర్ణన, హద్దులు గాని సర్వే నంబర్లు గాని ఉన్నచో అవి, తప్పక చూపవలెను. వ్యాజ్య కారణం ఎప్పుడు పుట్టినది, కోరుచున్న పరిహారం ఏది, ఆస్తి విలువ ఎంత అనునవి కూడ ఉండవలెను.

ప్రతివాది మొదట పరిశీలింపవలసినవి ఇవే. వ్యాజ్య కారణం లేని దావాను, చట్టమే నిషేధించిన దావాను, లోపం సరిదిద్దుటకు గడువు ఇచ్చినను కోర్టు రుసుము పూర్తిగా చెల్లింపని దావాను తిరస్కరింపుమని ఏడవ ఆర్డరు 11వ నియమం క్రింద కోరవచ్చును. ఆస్తి విలువను తక్కువగా చూపినారన్న అభ్యంతరాన్ని 1955 నాటి తమిళనాడు కోర్టు రుసుముల చట్టం, 12వ సెక్షను ప్రకారం జవాబులోనే లేవనెత్తవచ్చును. దానిని సాక్ష్య విచారణకు పూర్వమే కోర్టు తేల్చవలెను.

సమన్లు అందిన నాడు

సమన్లతో పాటు దావాపత్రం నకలు ఉండవలెను. అందిన తేదీని వెంటనే వ్రాసి పెట్టుకొనవలెను. గడువు లెక్క ఆ తేదీ నుండియే మొదలగును. ప్రతివాది ఇంట లేనప్పుడు, తగిన కాలంలో తిరిగి వచ్చు అవకాశం లేనప్పుడు, అతనితో నివసించు వయస్సు వచ్చిన కుటుంబ సభ్యునికి, స్త్రీ అయినను పురుషుడైనను, సమన్లు ఇవ్వవచ్చును. పనివాడు కుటుంబ సభ్యుడు కాడు. "తీసుకొనకున్నచో కేసు నడువదు" అనుట పెద్ద అపోహ. నిరాకరించినచో ఇంటి తలుపునకు అంటింతురు. కోర్టు దానిని అందజేసినట్లే ప్రకటింపవచ్చును.

ముప్పది రోజులు, తొంబది రోజులు

2002 జులై 1 నుండి అమలులో ఉన్న నియమం ప్రకారం సమన్లు అందిన 30 రోజులలో జవాబు దాఖలు చేయవలెను. కారణాలు వ్రాసి, కోర్టు ఈ గడువును 90 రోజుల వరకు పొడిగింపవచ్చును. ఆ తరువాత కూడ మిక్కిలి అసాధారణ పరిస్థితులలో జవాబును స్వీకరించు అధికారం కోర్టుకు కలదని సుప్రీంకోర్టు 2005లో కైలాష్ వర్సెస్ నన్‌కూ తీర్పులో చెప్పినది. అది కోర్టు విచక్షణయే గాని ప్రతివాది హక్కు కాదు. ఖర్చులు కూడ విధింపవచ్చును. వాణిజ్య వివాదాల చట్టం క్రిందికి వచ్చు దావాలలో ఆ వెసులుబాటు లేదు. 120 రోజులు దాటినచో జవాబిచ్చు హక్కే పోవును.

తాత్కాలిక ఇంజంక్షను అర్జీకి కౌంటరు వేసి, "జవాబు ఇచ్చితిమి" అని ఊరకుండువారు కలరు. అర్జీకి కౌంటరు వేరు, దావాకు జవాబు వేరు. రెండును వేయవలెను.

జవాబు ఎట్లుండవలెను?

ఎనిమిదవ ఆర్డరులోని 3, 4, 5 నియమాలు ఇందుకు ప్రాణం. మొదటి పేరా నుండి చివరి పేరా వరకు ప్రతి సంగతికి మూడింటిలో ఒక సమాధానం ఉండవలెను: ఒప్పుకొనుట, కాదనుట, లేదా తనకు తెలియదనియు వాదియే రుజువు చేయవలెననియు చెప్పుట. తన స్వంత విషయంలో మూడవది చెల్లదు. తాను సంతకం చేసిన పత్రాన్ని గూర్చి "తెలియదు" అనుట జవాబు కాజాలదు.

"దావాలోని సంగతులన్నియు అబద్ధం" అని ఒక్క వాక్యంతో త్రోసివేయుట చాలదు. తప్పించుకొను జవాబు కూడ పనికిరాదు. ఉదాహరణకు, ఫలానా తేదీన ప్రతివాది 50,000 రూపాయలు పుచ్చుకొని ప్రోనోటు వ్రాసినాడని వాది వ్రాసెననుకొందము. "ఆ తేదీన 50,000 రూపాయలు పుచ్చుకొనలేదు" అని మాత్రమే జవాబిచ్చినచో, మరొక తేదీన పుచ్చుకొనెనా, 40,000 పుచ్చుకొనెనా అను సందేహం మిగులును. "ఆ మొత్తాన్ని గాని, అందులో ఏ భాగాన్ని గాని, ఆ తేదీన గాని మరే తేదీన గాని పుచ్చుకొనలేదు" అని వ్రాయవలెను. కొంత పుచ్చుకొన్నది నిజమైనచో ఎంతయో స్పష్టంగా చెప్పవలెను.

కాదనుటతో పని ముగియదు. తన పక్షాన ఉన్న కొత్త సంగతులను రెండవ నియమం ప్రకారం ప్రత్యేకంగా చెప్పవలెను. బాకీ తీర్చివేసితినని, కాలదోషం పట్టినదని, మోసం జరిగినదని, లావాదేవీ చట్టవిరుద్ధమని, ఇట్టివి. అడిగినప్పుడు చెల్లింపవలసిన ప్రోనోటుకు, మధ్యలో చెల్లింపు గాని వ్రాతపూర్వకమైన ఒప్పుదల గాని లేనిచో, దాని తేదీ నుండి మూడేండ్లు దాటినచో కాలదోషం పట్టును. తీర్చినట్లు రసీదు ఉన్నచో ఆ మాట జవాబులో ఉండవలెను. రసీదు కూడ జవాబుతో దాఖలు కావలెను. జవాబుతో పాటు చూపని పత్రాన్ని కోర్టు అనుమతి లేనిదే తరువాత సాక్ష్యంగా తీసుకొనరు.

చివర ప్రతివాది సంతకం, ధ్రువీకరణ, ప్రమాణపత్రం ఉండవలెను. ఏ పేరాలు స్వయంగా తెలిసినవో, ఏవి ఇతరుల వలన విని నమ్మినవో ధ్రువీకరణలో విడివిడిగా చెప్పవలెను. తమిళం చదువరానివారు ప్రతి పేరాను తెలుగులో చెప్పించుకొనిన తరువాతనే సంతకం చేయవలెను.

ఒకరు చెప్పినదానిని మరొకరు కాదన్నచోటనే విచారణాంశం పుట్టును. ఒప్పుకొన్న సంగతికి రుజువు అక్కరలేదని పాత సాక్ష్య చట్టం 58వ సెక్షను చెప్పెడిది. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమం 53వ సెక్షనులోను అదే కలదు. అయినను తగిన సందర్భంలో రుజువు కోరు అధికారం కోర్టుకు ఉన్నది. జవాబు రాలేదన్న ఒక్క కారణంతో యాంత్రికంగా డిక్రీ ఇవ్వరాదని సుప్రీంకోర్టు 1999లో బల్‌రాజ్ తనేజా తీర్పులో హెచ్చరించినది.

వ్రాయనిది వాదింపరాదు

ఈ నియమం వాదికిని వర్తించును. ఆంధ్రప్రదేశ్ నుండి సుప్రీంకోర్టుకు వెళ్ళి, 2008 మార్చి 25న తీర్పు వెలువడిన అనాథుల సుధాకర్ వర్సెస్ పి.బుచ్చిరెడ్డి వ్యాజ్యం ఇందుకు మంచి నిదర్శనం. స్థలాలు కొన్నవారు ఇంజంక్షను మాత్రమే కోరుచు దావా వేసిరి. తమకు అమ్మిన స్త్రీకి ఆ ఆస్తి పసుపుకుంకుమగా నోటిమాటతో సంక్రమించినదన్నది వారి ఆధారం. ఆ సంగతి దావాపత్రంలో లేదు. హైకోర్టు దానిని పరిశీలించి వాదుల పక్షాన తీర్పు చెప్పగా, సుప్రీంకోర్టు దానిని రద్దు చేసినది. వ్రాతలో లేని, విచారణాంశం కాని హక్కును గూర్చి కోర్టు తేల్చరాదన్నది. హక్కుపైననే మేఘం కమ్మినప్పుడు ఇంజంక్షను ఒక్కటి కోరిన చాలదు, హక్కు ప్రకటనను కూడ కోరవలెనన్నది. పసుపుకుంకుమ క్రింద ఆడపడుచులకు భూములిచ్చు ఆచారం గల మన కుటుంబాలకు ఇది గుర్తుంచుకొనదగిన తీర్పు.

ఎదురు దావా

వాది నుండియే తనకు రావలసినది ఉన్నచో, ప్రతివాది అదే కేసులో ఎదురు కోరిక పెట్టవచ్చును. దానికి కోర్టు రుసుము చెల్లింపవలెను. వాది దావా కొట్టివేయబడినను ఎదురు దావా నిలుచును. విచారణాంశాలు ఏర్పడిన తరువాత సాధారణంగా దానిని అనుమతింపరాదని సుప్రీంకోర్టు 2019లో చెప్పినది. జవాబును సవరించుటకు కూడ విచారణ ఆరంభమైన పిదప అవకాశం స్వల్పం. తగిన శ్రద్ధ చూపినను అంతకు ముందు చెప్పలేకపోతిమని కోర్టును ఒప్పింపవలెను.

పాత తెలుగు దస్తావేజులు

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు తిరుత్తణి ప్రాంతం అందులో చేరినది. 1953లో ఆంధ్ర రాష్ట్రంలోనికి వచ్చి, 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసినది. 1997 నుండి తిరువళ్ళూరు జిల్లాలో ఉన్నది. ఈ కారణంగా తాతల నాటి క్రయపత్రాలు, భాగపత్రాలు తెలుగులో ఉండుట సహజం. వాటిని పారవేయరాదు. కోర్టులో చూపునప్పుడు తమిళ అనువాదం గాని ఆంగ్ల అనువాదం గాని జతచేయవలెను. పాత పత్రంలోని నంబరు, నేటి సర్వే నంబరు వేరైనచో రెండింటి పొత్తును జవాబులోనే వివరింపవలెను. ముప్పదేండ్లు దాటిన అసలు పత్రం ఉండవలసినవారి వద్దనే లభించినచో, అందలి సంతకాలు, చేవ్రాలు నిజమైనవని కోర్టు భావింపవచ్చును. నకళ్ళకు ఈ సౌకర్యం లేదు. కనుక అసలును భద్రపరచవలెను.

ఏకపక్ష డిక్రీ అయినచో

వాయిదాకు హాజరు కానిచో కోర్టు ఏకపక్షంగా విచారించి డిక్రీ ఇవ్వవచ్చును. సమన్లు సక్రమంగా అందలేదని గాని, రాలేకపోవుటకు తగిన కారణం ఉన్నదని గాని రుజువు చేసి, తొమ్మిదవ ఆర్డరు 13వ నియమం క్రింద దానిని రద్దు చేయించుకొనవచ్చును. ఇందుకు డిక్రీ తేదీ నుండి 30 రోజులు గడువు. సమన్లు సక్రమంగా అందనిచో డిక్రీ సంగతి తెలిసిన నాటి నుండి 30 రోజులు. పత్రికా ప్రకటన వంటి ప్రత్యామ్నాయ పద్ధతిలో ఇచ్చిన సమన్లను ఈ గడువు విషయంలో సక్రమంగా అందినవిగా భావింపరు. అయితే వాయిదా సంగతి ముందే తెలిసి, వచ్చుటకు సమయం ఉండియు రానివాడు సమన్ల అందజేతలోని చిన్న లోపాన్ని సాకుగా చూపలేడు. ఆలస్యానికి తగిన కారణమున్నచో లిమిటేషన్ చట్టం 5వ సెక్షను క్రింద మన్నింపు కోరవచ్చును.

ఉచిత సహాయం

1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండ ఉచితంగా వకీలును ఏర్పాటు చేయుదురు. ఇతరులకు ఆదాయ పరిమితి కలదు. తాలూకా న్యాయసేవల సంఘాన్ని గాని, 15100 నంబరును గాని సంప్రదింపవచ్చును.

సమన్లు అందిన వారంలోగా వకీలును కలియవలెను. దావాపత్రాన్ని తెలుగులో చెప్పించుకొని, పేరా సంఖ్యలు వేసి, ప్రతిదాని ఎదుట అవును, కాదు, తెలియదు అని గుర్తించి తీసుకొని వెళ్ళవలెను. చదువుకొన్న పిల్లలు గల ఇంట ఈ పని ఒక సాయంకాలంలో ముగియును. భూమి నిలుచుటకు ఆ సాయంకాలమే ఆధారం కావచ్చును.