వాటర్‌లెస్ వాష్, రిన్స్‌లెస్ వాష్

వాటర్‌లెస్ వాష్, రిన్స్‌లెస్ వాష్ అనునవి గొట్టంతో నీరు పారించకుండా కారు పైభాగాన్ని శుభ్రపరచే రెండు పద్ధతులు. మొదటి పద్ధతిలో బకెట్టు కూడా ఉండదు. సీసాలోని ద్రవాన్ని కారుపై చిమ్మి మెత్తని తువ్వాలుతో తుడిచివేస్తారు. రెండవ పద్ధతిలో ఒక బకెట్టు నీటిలో కొద్దిపాటి గాఢ ద్రవాన్ని కలిపి, ఆ నీటితో కారును తుడిచి వెంటనే ఆరబెడతారు. మామూలు సబ్బునీరు వాడినప్పుడు ఆ సబ్బును పోగొట్టడానికి మరల మంచినీరు పోయవలసి ఉంటుంది. ఇక్కడ ఆ చివరి పని లేదు.

పేరును బట్టి వాటర్‌లెస్ పద్ధతిలో నీరే లేదని అనుకోరాదు. సీసాలోని ద్రవంలో అధిక భాగం నీరే. గొట్టము, బకెట్టు అవసరము లేదనుటయే ఆ పేరుకు అర్థం. ఈ రెండింటినీ ఒకటేనని భావించి ఒకదానికి బదులు మరొకదానిని వాడుట వలన కారు రంగు పాడైన సందర్భాలు ఎక్కువ. అందుచేత ఏది ఎప్పుడు తగునో తెలుసుకొనుట అవసరం.

గీతలు పడుటకు కారణం

నేటి కార్లలో రంగు పొరపై పారదర్శకమైన మరొక పొర ఉంటుంది. దీనిని క్లియర్ కోట్ అంటారు. దీని మందం సాధారణంగా 35 నుండి 50 మైక్రాన్లు మాత్రమే. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మనిషి తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. అంటే కారు మెరుపునంతటినీ కాపాడుతున్నది వెంట్రుక కంటె పలుచని పొర.

రోడ్డు దుమ్ములో ఇసుక రేణువులు ఉంటాయి. ఇసుకలోని స్ఫటికము (క్వార్ట్జ్) మోహ్స్ కాఠిన్య కొలమానంలో 7వ స్థానంలో ఉంది. అది గాజును కూడా గీయగలదు. ఇక ప్లాస్టిక్ వంటి క్లియర్ కోటు సంగతి చెప్పనక్కరలేదు. పొడిగుడ్డతో దుమ్ము దులిపినప్పుడు ఈ రేణువులు గుడ్డకూ, రంగుకూ నడుమ నలిగి సన్నని గీతలు గీస్తాయి. ఎండలో లేదా దీపపు వెలుగులో నల్లకారుపై సాలెగూడు వలె వలయాలుగా కనిపించేవి ఇవే. తెల్లకారుపై కూడా ఇవి పడతాయి, కాని కంటికి అంతగా ఆనవు.

కాబట్టి కారును కడుగుటలో అసలు సమస్య మురికిని తీయుట కాదు, రేణువును దొర్లనీయకుండా తీయుట. గొట్టంతో ధారాళంగా నీరు పోసినప్పుడు చేయి తగలకముందే చాలా రేణువులు కొట్టుకొనిపోతాయి. నీటిని తగ్గించిన కొలదీ ఆ పనిని రసాయనము, తువ్వాలు, తుడిచేవారి నేర్పు చేయవలసి ఉంటుంది.

వాటర్‌లెస్ వాష్

ఈ ద్రవాలలో మురికిని విడదీసే పదార్థాలు, జారుడును కలిగించే పాలిమర్లు, కొన్నింటిలో మైనము లేదా సిలికోను ఉంటాయి. ద్రవాన్ని ఒక్కొక్క భాగంపై, ఉదాహరణకు ఒక తలుపుపై, ధారాళంగా చిమ్మి అర నిమిషము ఆగాలి. పిదప నాలుగు మడతలుగా మడచిన మైక్రోఫైబర్ తువ్వాలుతో బరువు వేయకుండా ఒకే దిశలో లాగాలి. గుండ్రంగా రుద్దరాదు. ఒక మడత మురికి కాగానే మరొక మడతకు తిప్పాలి. మడచిన తువ్వాలుకు రెండు వైపులా కలిపి ఎనిమిది ముఖాలు లభిస్తాయి. ఒక కారుకు ఆరు నుండి పది తువ్వాళ్ళు అవసరమగును. ఒకే తువ్వాలుతో కారంతటినీ తుడిచేవారు చివరి తలుపు వద్దకు వచ్చేసరికి మొదటి తలుపు దుమ్ముతో దానిని రుద్దుతున్నారన్నమాట.

ద్రవాన్ని పొదుపు చేయబోవుట ఇక్కడ చాలామంది చేసే తప్పు. రెండు చుక్కలు చిమ్మి తుడుచుట పొడిగుడ్డతో తుడుచుటకు దాదాపు సమానమే.

రిన్స్‌లెస్ వాష్

అమెరికాలో ఆప్టిమం సంస్థవారి నో రిన్స్ అను ద్రవము 2000ల దశకంలో వచ్చిన తరువాత ఈ పద్ధతి కారు ప్రియులలో బాగా వ్యాపించింది. దాని మోతాదు సుమారు 256 పాళ్ళ నీటికి ఒక పాలు, అనగా ఏడున్నర లీటర్ల నీటికి దాదాపు 30 మిల్లీలీటర్లు. ఇతర సంస్థల ద్రవాల మోతాదు వేరుగా ఉండవచ్చును గనుక సీసాపై ఉన్నదే ప్రమాణం. ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రమవుతుందని అనుకొని గాఢతను పెంచితే రంగుపై మసక చారలు మిగులుతాయి.

ఈ ద్రవంలోని పాలిమర్లు మట్టి రేణువులను చుట్టుకొని, రంగుతో రాపిడి తగ్గిస్తాయి. స్పాంజి లేదా తువ్వాలును బకెట్టులో ముంచినప్పుడు రేణువులు విడిపోయి అడుగుకు చేరుతాయి. అందుకొరకే బకెట్టు అడుగున జల్లెడ వంటి ప్లాస్టిక్ చట్రాన్ని ఉంచుతారు. అది ఉంటే అడుగున చేరిన ఇసుకను తువ్వాలు మరల పైకి తీసుకొనిరాదు.

పని పైకప్పు నుండి మొదలై క్రిందికి సాగుతుంది. చక్రాల దగ్గరి క్రింది అంచులలో మురికి అధికం కనుక వాటిని చివరకు తుడవాలి. చక్రాలకు వేరే గుడ్డ, వీలైతే వేరే బకెట్టు కావాలి. బ్రేకుల నుండి రాలిన ఇనుప పొడి ఉన్న గుడ్డను తలుపులపై పెట్టుట కంటె కారును మురికిగా వదిలివేయుట మేలు. ఒక భాగాన్ని తుడవగానే మరొక పొడి తువ్వాలుతో ఆరబెట్టి తరువాతి భాగానికి వెళ్ళాలి. మురికి కొంచెం ఎక్కువగా ఉంటే అదే కలిపిన నీటిని ముందుగా కారుపై చిమ్మి రెండు మూడు నిమిషాలు నానబెడతారు. ఈ ఒక్క పని చేస్తే గీతల భయం చాలావరకు తగ్గుతుంది.

దేనిని ఎంచుకోవాలి

దుమ్ము క్రింద కారు రంగు స్పష్టంగా కనబడుతూ, పలుచని ధూళి మాత్రమే ఉన్నప్పుడు వాటర్‌లెస్ పద్ధతి సరిపోతుంది. కప్పు ఉన్న చోట నిలిపి, రెండు మూడు రోజులకొకసారి తుడుచుకొనే కారు ఇట్టిది. పక్షి రెట్ట పడినప్పుడు ఆ ఒక్క చోటును శుభ్రపరచుటకు కూడా ఇది అనువు. రెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది. ఎండలో వదిలితే రంగుపై మచ్చ మిగులుతుంది. కాబట్టి తడిగుడ్డను దానిపై కప్పి నాననిచ్చి తీయాలి, గీకరాదు.

వారము పది రోజుల దుమ్ము పేరుకొని రంగు మసకబారినప్పుడు రిన్స్‌లెస్ పద్ధతే తగినది. సందేహము కలిగినప్పుడు కూడా దీనివైపే మొగ్గుట క్షేమం. ఇందులో తువ్వాలు ఎల్లప్పుడూ తడిగా, నీటిని పట్టుకొని ఉంటుంది.

బురద పెళ్ళలు, ఎండిన ఎర్రమట్టి, సిమెంటు ధూళి ఉన్న కారుకు ఈ రెండూ పనికిరావు. వానాకాలంలో పొలాల దారిన వెళ్ళివచ్చిన కారును ముందుగా నీటితో కడగవలసినదే. నీరు పోసి పెళ్ళలు కరిగించిన తరువాత రిన్స్‌లెస్ పద్ధతితో పూర్తి చేయవచ్చును. సముద్రతీర పట్టణాలలోని కార్లకు మరొక చిక్కు ఉంది. ఉప్పు గాలి వలన తుప్పు పట్టేది ఎక్కువగా కారు అడుగుభాగము. ఈ రెండు పద్ధతులూ దానిని తాకవు. విశాఖపట్నం, కాకినాడ వంటి చోట్ల అప్పుడప్పుడు అడుగుభాగాన్ని నీటితో కడిగించుట తప్పదు.

మెరుపులేని మ్యాట్ రంగు కార్లకు మైనము కలిసిన వాటర్‌లెస్ ద్రవాలు వాడరాదు. అక్కడక్కడ జిడ్డుమెరుపు వచ్చి పోదు.

నీటి లెక్క

ఇంటి గొట్టము నిమిషానికి 15 లీటర్లు పారించునని అనుకొంటే పది నిమిషాలకు 150 లీటర్లు. రిన్స్‌లెస్ పద్ధతికి 8 లీటర్లు, వాటర్‌లెస్ పద్ధతికి అర లీటరు లోపు ద్రవము చాలును. అయితే ప్రకటనలలో కనిపించని లెక్క ఒకటి ఉంది. మురికి తువ్వాళ్ళను ఉతకాలి గదా! వాషింగ్ మెషీను రకాన్ని బట్టి ఒక విడతకు 50 నుండి 100 లీటర్ల వరకు తీసుకొంటుంది. ప్రతిసారీ పది తువ్వాళ్ళను విడిగా ఉతికితే వాటర్‌లెస్ పద్ధతిలో మిగిలిన నీటిలో గణనీయమైన భాగం అక్కడ ఖర్చవుతుంది. మూడు నాలుగు సార్ల తువ్వాళ్ళను కూడబెట్టి ఒకేసారి ఉతికినప్పుడే నిజమైన ఆదా. వాటిని నూలు బట్టలతో కలిపి ఉతకరాదు, నూలు పీచు అంటుకొంటుంది. బట్టలను మెత్తపరచే ద్రవాలు కూడా వాడరాదు. అవి పోగుల నడుమ చేరి నీటిని పీల్చుకొనే గుణాన్ని చెడగొడతాయి.

నీటి కొరత, నిబంధనలు

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరంలో 2018 ఫిబ్రవరిలో మనిషికి రోజుకు 50 లీటర్ల పరిమితి విధించారు. అప్పుడు పురపాలక మంచినీటితో వాహనాలు కడుగుటను నిషేధించి, త్రాగుటకు పనికిరాని నీటితో గాని, వాటర్‌లెస్ ద్రవాలతో గాని శుభ్రపరచుకొనుటకు అనుమతించారు. చెన్నైలో 2019 వేసవిలో జలాశయాలు దాదాపు ఎండిపోయాయి. తెలుగువారు పెద్దసంఖ్యలో నివసించే బెంగుళూరులో 2024 మార్చిలో నీటి సరఫరా మండలి వాహనాలు కడుగుటకు త్రాగునీటిని వాడరాదని ఆదేశించి, ఉల్లంఘించినవారికి 5,000 రూపాయల జరిమానా ప్రకటించింది.

తెలుగు నగరాలలో వాడుక

హైదరాబాదు వంటి నగరాల అపార్టుమెంట్లలో తెల్లవారుజామున ఒక మనిషి వచ్చి, ఒకే బకెట్టు నీటితో, ఒకే పాతగుడ్డతో పది పదిహేను కార్లు తుడిచి వెళ్ళుట మామూలు. దీనిలో నీటి ఖర్చు తక్కువే గాని దీనిని రిన్స్‌లెస్ వాష్ అనలేము. నీటిలో జారుడునిచ్చే పదార్థము లేదు. మొదటి కారు ఇసుక చివరి కారుకు చేరుతుంది. ఇందులో తప్పు ఆ పనివానిది కాదు, అతనికి అంతకంటె సాధనాలు ఇచ్చినవారు లేరు. యజమాని నాలుగు తువ్వాళ్ళు, కొద్దిపాటి ద్రవము ఇచ్చి పద్ధతి చూపితే అంతే నీటితో గీతలు పడకుండా అదే పని జరుగుతుంది.

బోరు నీటి కాఠిన్యము మరొక ఇబ్బంది. కాల్షియం, మెగ్నీషియం లవణాలున్న నీరు కారుపై ఆరితే తెల్లని మచ్చలు పడతాయి. ఆర్.ఓ. యంత్రం బయటకు వదిలే నీటిలో ఈ లవణాలు ఇంకా ఎక్కువ. వృథా పోకూడదని దానిని కారుకు వాడేవారు చక్రాలకు, పాదాల చాపలకు పరిమితం చేసుకొనుట మంచిది. రిన్స్‌లెస్ పద్ధతికి కావలసినది ఎనిమిది లీటర్లే గనుక మృదువైన నీటిని వాడుట కష్టము కాదు. వాననీరు పట్టి ఉంచితే అది ఇందుకు చక్కగా ఉపయోగపడుతుంది.

రెండు పద్ధతులనూ నీడలో, బానెట్టు చల్లబడిన తరువాతనే చేయాలి. మండువేసవిలో ఎండన నిలిచిన కారుపై ద్రవము తుడిచేలోగా ఆవిరై చారలు మిగులుతాయి. పని ముగిసిన తరువాత బకెట్టులోని మురికినీటిని వీధిలోని వాననీటి కాలువలో గాక మరుగుదొడ్డిలో గాని, మురుగు కాలువకు కలిసే తూములో గాని పారబోయాలి. వాననీటి కాలువలలోని నీరు శుద్ధి కాకుండానే చెరువులకు చేరుతుంది.