గ్రహణం చూడబోయిన ఆరుగురు ఆడవాళ్ళు



గ్రహణం అనగానే మనకు పట్టుస్నానం, విడుపుస్నానం, ఊరగాయ జాడీల మీద దర్భపుల్లలు గుర్తుకొస్తాయి. ఇంట్లో గర్భిణి ఉంటే సరేసరి, కదలనివ్వరు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన తెలుగునేల మీదుగానే వెళ్ళింది. ఆనాడు తలుపులు బిగించుకున్న ఇళ్ళెన్నో! అంతకు నూరేళ్ళ ముందే, గ్రహణం చూడ్డానికని దూరదర్శినులు వెంటబెట్టుకుని రైలెక్కిన ఆడవాళ్ళున్నారంటే నమ్ముతారా?

వాళ్ళ నాయకురాలు మరియా మిచెల్. అమెరికా దేశస్థురాలు. 1847లో చిన్న దూరదర్శినితో కొత్త తోకచుక్కను కనిపెట్టి డెన్మార్కు రాజుగారి బంగారు పతకం అందుకున్నది. తరవాత వాసర్ అనే ఆడపిల్లల కళాశాలలో ఖగోళశాస్త్రం బోధించింది.

1873లో క్లార్క్ అనే బోస్టన్ డాక్టరు ఒక పుస్తకం రాశాడు. మగపిల్లలతో సమానంగా చదివితే ఆడపిల్లల ఒళ్ళు చెడిపోతుందనీ, సంతానానికి చేటనీ! వినడానికి మనకూ కొత్తేమీ కాదు లెండి. ఆ మాటలు ఇంకా నలుగుతుండగానే 1878 జూలై 29న సంపూర్ణ గ్రహణం వచ్చింది. ఇంకో మూడు రోజులైతే మిచెల్‌కు అరవై నిండుతాయి. అయినా బోస్టన్ నుంచి ఇద్దరుగా బయల్దేరి, దారిలో ఇద్దరినీ, డెన్వరులో ఇద్దరినీ కలుపుకుంది. చాలామంది ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళే.

తీరా చూస్తే సామాను రాలేదు! రెండు రైలు కంపెనీల తగవులో ప్యూబ్లో అనే ఊళ్ళో చిక్కుకుపోయింది. దూరదర్శినుల సరంజామా అందులోనే ఉంది. పైగా ముసురు. టెలిగ్రాఫు ఆఫీసు చుట్టూ తిరగ్గా తిరగ్గా సామాను వచ్చింది. ఆకాశమూ తేటపడింది.

ఇక వాళ్ళ పనితీరు చూడండి. ఒకామె గడియారం దగ్గర కూర్చుని సెకన్లు పైకి లెక్కపెడుతోంది. మిగతావాళ్ళు దూరదర్శినులకు నల్లద్దాలు పెట్టి చూస్తున్నారు. సూర్యుడు పూర్తిగా మూసుకోగానే ఆ లెక్కపెట్టే గొంతు కూడా ఆగిందట. నల్లద్దాలు తీసి తెల్లవి బిగించడం, చుట్టూ విరిసిన కాంతికిరీటాన్ని పరికించడం, అంతా 2 నిమిషాల 40 సెకన్లలో! పొయ్యిమీద తిరగమోత మాడకముందే నాలుగు పనులు చేసే మనకు తెలియని తొందరా అది?

ఒక్క హెచ్చరిక. అప్పట్లో నల్లద్దాన్ని కంటివైపు అమర్చేవారు. వేడికి అది చిట్లితే కన్ను పోయినట్టే. ఇప్పుడు సూర్యుడి కోసమే చేసిన వడపోత అద్దాన్ని దూరదర్శిని ముందువైపు బిగిస్తారు. లేదా బింబాన్ని తెల్లకాగితం మీద పడనిస్తారు; అప్పుడు వీధివీధంతా ఒకేసారి చూడవచ్చు. ఈ ఉపాయం గెలీలియోకు ఆయన శిష్యుడు కాస్టెల్లి చెప్పిందే.

దూరదర్శిని లేదా? పాక్షిక గ్రహణమప్పుడు సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, వంటింటి చిల్లుల పళ్ళేన్ని ఎండకు పట్టండి. ఎన్ని చిల్లులో నేలమీద అన్ని నెలవంక సూర్యుళ్ళు! పక్కింటి పిల్లల్నీ పిలవండి.